వోజ్ కొండ అడవుల్లో రోడ్డు సైకిలు: ఒక రోజు చుట్టుకు సమగ్ర మార్గదర్శి

ఫ్రాన్స్‌లో కొండల మీద సైకిలు అనగానే మనకు ఆల్ప్స్, పిరనీస్ పర్వతాలే గుర్తొస్తాయి. కానీ టూర్ డి ఫ్రాన్స్ చరిత్రలో మొదటి పెద్ద ఎక్కుడుగా చెప్పుకొనే బాలోన్ దాల్సాస్ ఆ రెండింటిలోనూ లేదు. అది ఈశాన్య ఫ్రాన్స్‌లోని వోజ్ కొండల్లో, 1,171 మీటర్ల ఎత్తున ఉన్న కనుమ. 1905లో పందెం మొదటిసారి ఆ దారి పట్టినప్పుడు రెనే పోతియే అందరికంటే ముందు పైకి చేరాడు. మరుసటి ఏడాది టూర్ విజేత ఆయనే. కనుమ దగ్గర ఆయన స్మారకం ఇప్పటికీ ఉంది.

వోజ్ కొండల్లో ఎత్తయిన శిఖరం గ్రాన్ బాలోన్, 1,424 మీటర్లు. మన హార్స్‌లీ హిల్స్ కంటే కొంచెం ఎక్కువ, అంతే. ఎత్తు చూసి ఈ కొండలను తేలిగ్గా తీసుకునేవారు చాలామంది. ఇక్కడ ఇబ్బంది పెట్టేది ఎత్తు కాదు. ఫర్, స్ప్రూస్, బీచ్ చెట్ల నీడలో వంకర్లు తిరిగే సన్నని రోడ్లు, ఎండ పడక ఆరని తడి, అంగళ్ళు లేని పల్లెలు, పడమటి నుంచి ఉన్నట్టుండి కమ్ముకొచ్చే మబ్బు. వీటికి సిద్ధపడి వెళ్ళినవారికి యూరప్‌లో ఇంతకంటే మంచి సైకిలు ప్రాంతం నాకు తెలిసి లేదు.

హైదరాబాద్, విశాఖ వైపు బ్రెవేలు, అంటే గడువు లోపల ముగించవలసిన దూరపు సవారీలు, తొక్కే తెలుగు వారికి పారిస్–బ్రెస్ట్–పారిస్ పేరు బాగా తెలుసు. 90 గంటల్లో 1,200 కిలోమీటర్లు తొక్కాలన్న పట్టుదలతో ఫ్రాన్స్ వెళ్ళినవారు తిరుగు ప్రయాణానికి ముందు నాలుగు రోజులు మిగిల్చుకుంటే వోజ్ చూసి రావచ్చు. అక్కడే చదువుకుంటున్న, ఉద్యోగం చేస్తున్న వారికైతే ఇది ఒక వారాంతపు ప్రయాణం.

ఈ వ్యాసంలో ఒకే ఒక చుట్టును తీసుకుని, మొదటి నుంచి చివరి దాకా వివరిస్తాను. ఈ కొండల తూర్పు వాలున ఉన్న మున్‌స్టర్ లోయలో మొదలై అక్కడే ముగిసే సుమారు 55 కిలోమీటర్ల దారి అది. ఎక్కే ఎత్తు వెయ్యి మీటర్లు దాటుతుంది.

1. కాలం ఎంచుకోవడం

మే నెల మధ్య నుంచి సెప్టెంబరు చివరి దాకా అనువైన కాలం. కొండల శిఖరరేఖ వెంట సాగే ‘రూత్ దె క్రెత్’, అంటే శిఖరాల దారి, చలికాలంలో మంచు వల్ల చాలా మేరకు మూసేస్తారు. కొన్ని భాగాల్లో ఆ రోడ్డు మీదే స్కీయింగ్ చేస్తారు. ఏప్రిల్లో వెళ్ళదలిస్తే రోడ్డు తెరిచారో లేదో ముందు కనుక్కోవాలి.

జూలై, ఆగస్టు వారాంతాల్లో శిఖరాల దారి నిండా మోటారు సైకిళ్ళే. వాటి మోత అడవి నిశ్శబ్దాన్ని మింగేస్తుంది. వీలైతే మంగళవారం నుంచి శుక్రవారం లోపు ఒక రోజు చూసుకుని ఉదయం ఎనిమిదికల్లా బయలుదేరండి. సోమవారం ఎందుకు వద్దో తిండి దగ్గర చెబుతాను. అక్టోబరులో బీచ్ ఆకులు రాగి రంగుకు తిరిగి అడవి అద్భుతంగా ఉంటుంది. అయితే తడి ఆకులు రోడ్డు మీద సబ్బులా జారతాయి, పైగా అది వేట కాలం. దారి పక్కన వేట జరుగుతోందని బోర్డు కనిపిస్తే అడవి బాటల్లోకి దిగకుండా తారురోడ్డు మీదే ఉండండి.

వాతావరణం గురించి ఒక సంగతి తప్పక తెలుసుకోవాలి. వానలు పడమటి నుంచి వచ్చి ఈ కొండలకు తగులుతాయి. శిఖరాల మీద ఏడాదికి 2,000 మిల్లీమీటర్ల దాకా వాన పడితే, తూర్పున వాననీడలో ఉన్న కోల్మార్ పట్టణంలో పడేది 600 మిల్లీమీటర్ల ప్రాంతం. ఫ్రాన్స్‌లో అతి తక్కువ వాన పడే పట్టణాల్లో అదొకటి. కోల్మార్‌లో ఎండ చూసి మోసపోవద్దు. మీరు చూడవలసింది పైన, మన దిగుడు మొదలయ్యే ష్లుక్ట్ కనుమ దగ్గర వాతావరణ సూచన. లోయకూ శిఖరానికీ మధ్య ఐదారు డిగ్రీల తేడా ఉంటుంది. గాలి వీస్తే ఇంకా చల్లగా తోస్తుంది.

2. సైకిలును కొండకు సిద్ధం చేయడం

ఇక్కడ అన్నిటికంటే ముఖ్యమైనది గేరు. ముందు, పెడళ్ళ దగ్గరి చిన్న చైన్‌రింగ్‌కు 34 పళ్ళు, వెనక పళ్ళ చక్రాల గుత్తి అయిన క్యాసెట్‌లో పెద్ద చక్రానికి కూడా 34 పళ్ళు ఉంటే, పెడల్ ఒక చుట్టు తిరిగినప్పుడు సైకిలు సుమారు 2.1 మీటర్లు ముందుకు పోతుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకు ఏడున్నర కిలోమీటర్ల వేగం. మనిషీ సైకిలూ కలిపి 80 కిలోలు అనుకుంటే, మన చుట్టులోని పెద్ద ఎక్కుడు సగటైన 8.4 శాతం వాలు (వంద మీటర్లకు 8.4 మీటర్లు పైకి) మీద ఆ వేగానికి దాదాపు 145 వాట్ల శక్తి చాలు. క్రమం తప్పక తొక్కే చాలామంది అంత శక్తిని ఒక గంట పాటు పెట్టగలరు. అదే వెనక పెద్ద చక్రానికి 28 పళ్ళే ఉంటే, అవే 60 చుట్లకు వేగం తొమ్మిది దాటుతుంది, దాదాపు 180 వాట్లు కావాలి. లేదా పెడల్ వేగం తగ్గించి మోకాళ్ళ మీద భారం వేయాలి. గట్టి గేరుతో కొండ ఎక్కడం గొప్ప అనుకునేవారి మాట వినకండి. క్యాసెట్ మార్చుకోండి.

టైర్లు 28 లేదా 32 మిల్లీమీటర్లవి వేసుకోండి. బ్రేకు ప్యాడ్లు సగం అరిగి ఉంటే కొత్తవి వేయించండి. రెండు ట్యూబులు, పంపు, టైరు విప్పే లీవర్లు, ఒక చిన్న మల్టీ టూల్ ఉండాలి. ముందూ వెనకా లైట్లు పట్టపగలు కూడా కావాలి, ఎందుకో దిగుడు దగ్గర తెలుస్తుంది. గాలిని ఆపే పలుచని జాకెట్, వేళ్ళు పూర్తిగా కప్పే చేతి తొడుగులు జేబులో పెట్టుకోండి. జూలై నెలే కదా అని తొడుగులు బసలోనే వదిలి ఒకసారి పొగమంచులో ష్లుక్ట్ నుంచి దిగాను. సగం దారిలో నా వేళ్ళు బ్రేకును నొక్కుతున్నాయో లేదో నాకే తెలియలేదు. ఆగి, చేతులు చంకల్లో పెట్టుకుని పది నిమిషాలు నిలబడవలసి వచ్చింది.

సైకిలు అద్దెకు తీసుకుంటే మొదట బ్రేకులు చూసుకోండి. మన దేశంలో చాలా సైకిళ్ళకు కుడిచేతి బ్రేకు ముందు చక్రానికి ఉంటుంది. ఫ్రాన్స్‌లో సాధారణంగా ఎడమచేతిది ముందు చక్రానికి. కంగారులో పాత అలవాటే ముందుకొస్తుంది, కాబట్టి ఖాళీ వీధిలో పది నిమిషాలు తొక్కి చేతులకు కొత్త అలవాటు నేర్పండి.

3. పటం మీద దారి చూడటం

ఫోనులో దారి చూపే యాప్ ఉన్నా, మిషెలాన్ కాగితపు పటం ఒకటి కొనుక్కోమంటాను. అందులో రోడ్ల మీద చిన్న బాణపు గుర్తులు ఉంటాయి. ఒక గుర్తు ఉంటే 5 నుంచి 9 శాతం వాలు, రెండు ఉంటే 9 నుంచి 13, మూడు ఉంటే అంతకు మించి. పక్కన ఆకుపచ్చ గీత ఉన్న రోడ్లు చూడచక్కని దారులని అర్థం. ఎర్ర రోడ్లు వదిలేయండి, పసుపూ తెలుపూ మనవి. ‘డి’ అక్షరంతో మొదలయ్యేవి జిల్లా రోడ్లు. వాటి పక్కన పసుపు తల ఉన్న కిలోమీటరు రాళ్ళు ఉంటాయి. ప్రమాదం జరిగి అత్యవసర నంబరు 112కు ఫోన్ చేయవలసి వస్తే ఆ రాయి మీది రోడ్డు సంఖ్య, కిలోమీటరు సంఖ్య చెబితే మీరెక్కడున్నారో వారికి వెంటనే తెలుస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. చుట్టుదారిని ఏ వైపు నుంచి తిరగాలి? చాలామంది ఎక్కుడు చూసి నిర్ణయిస్తారు, తక్కువ వాలు ఉన్న వైపు ఎక్కుదామనుకుంటారు. నేను దిగుడు చూసి నిర్ణయించుకోమంటాను. మన చుట్టులో రెండు దారులు శిఖరరేఖకు చేరతాయి. ఒకటి సోండెర్నాక్ పల్లె నుంచి ప్లాట్జెర్‌వాజెల్ కనుమకు వెళ్ళే డి27, 7.1 కిలోమీటర్ల పొడవున సగటు 8.4 శాతం వాలుతో, సన్నగా, అడవి నీడలో ఉంటుంది. రెండోది మున్‌స్టర్ నుంచి 1,139 మీటర్ల ష్లుక్ట్ కనుమకు వెళ్ళే డి417, సుమారు 17 కిలోమీటర్లు, సగటు నాలుగున్నర శాతం, వెడల్పైన రోడ్డు. నిటారు దారిలో ఎక్కితే మీకు ఖర్చయ్యేది ఓపిక మాత్రమే, వేగం ఎలాగూ నడకకు కాస్త ఎక్కువ. అదే దారిలో దిగితే తడి నీడలో మలుపు మలుపుకూ బ్రేకు పట్టుకుని వేలాడాలి. కొత్తవారు డి27 మీదుగా ఎక్కి డి417 మీదుగా దిగాలి. ఏ కొత్త కొండకు వెళ్ళినా నేను ఇలాగే చూసుకుంటాను.

4. మున్‌స్టర్ చేరుకోవడం

పారిస్ తూర్పు స్టేషన్ నుంచి కోల్మార్‌కు నేరుగా వెళ్ళే వేగ రైలులో రెండున్నర గంటల లోపు ప్రయాణం. అందులో సైకిలుకు ముందే చోటు రిజర్వు చేసుకోవాలి, లేదా చక్రాలు విప్పి సంచిలో పెట్టాలి. కోల్మార్ నుంచి మున్‌స్టర్, మెట్జెరాల్ వైపు చిన్న ప్రాంతీయ రైలు ఉంది. ఈ ప్రాంతీయ రైళ్ళలో సైకిలుకు వేరే టికెట్ అక్కర్లేదు, కానీ ఉద్యోగస్తులు కిక్కిరిసే వేళలు తప్పించుకోండి. మున్‌స్టర్‌లో దిగగానే తలెత్తి చూడండి, ఇళ్ళ కప్పుల మీద కొంగల గూళ్ళు కనిపిస్తాయి.

5. ఎక్కుడు

మున్‌స్టర్ నుంచి మెట్జెరాల్ మీదుగా సోండెర్నాక్ వరకు తొమ్మిది కిలోమీటర్లు లోయలో మెల్లగా పైకి సాగుతాయి. ఈ భాగం ఒళ్ళు వేడెక్కడానికి మాత్రమే. కబుర్లు చెప్పుకుంటూ తొక్కండి. సోండెర్నాక్‌లో సీసాలు నింపుకుని, జాకెట్ విప్పేసి, చిన్న గేరులోకి ముందే మారండి. వాలు మొదలయ్యాక బలంగా తొక్కుతూ గేరు మారిస్తే చైను జారిపోవచ్చు.

మొదటి రెండు కిలోమీటర్లు మీకు మరీ నెమ్మది అనిపించాలి. ఊపిరి తీసుకోవడానికి ఆగకుండా ఒక పూర్తి వాక్యం పలకగలిగితే సరైన వేగంలో ఉన్నట్టు. మూడు మాటలకే ఆయాసం వస్తే తగ్గించండి. కూర్చునే తొక్కండి, చేతులు హ్యాండిల్ పైభాగం మీద వదులుగా ఉంచండి. నడుము బిగుసుకుపోతే ఒకసారి గేరు ఒకటి గట్టి చేసి లేచి, ఇరవై తొక్కుళ్ళు తొక్కి, మళ్ళీ కూర్చోండి. మలుపుల్లో లోపలి అంచు బాగా నిటారుగా ఉంటుంది. ఎదురుగా ఏమీ రావడం లేదని కచ్చితంగా కనిపిస్తే మీ వరుసలోనే కాస్త బయటి అంచుకు జరిగితే వాలు తగ్గుతుంది. ముందు చెప్పిన ఏడున్నర కిలోమీటర్ల వేగంతో ఈ ఎక్కుడుకు గంట పడుతుంది. ఆ గంటను గంటగానే ఒప్పుకోండి, గడియారం చూడకండి.

ఈ ఎక్కుడుకు సాధన ఎక్కడ అంటారా? శృంగవరపుకోట నుంచి అరకు వెళ్ళే ఘాట్ రోడ్డు చక్కగా పనికొస్తుంది. తెలంగాణలో ఉన్నవారు వికారాబాద్ అనంతగిరి గుట్టను ఒకే పూటలో నాలుగైదు సార్లు ఎక్కి దిగితే కాళ్ళకు కావలసినది అందుతుంది.

సగం దాటాక చెట్లు దట్టమవుతాయి. నరికిన దుంగల జిగురు వాసన, ఎక్కడో కింద వాగు చప్పుడు, మీ ఊపిరి, చైను శబ్దం, అంతే. 2023 జూలై 22న టూర్ డి ఫ్రాన్స్ ఇరవయ్యో దశ ఇదే రోడ్డు మీదుగా శిఖరాల దారి మీది మార్క్‌స్టైన్‌కు వెళ్ళింది. అంతకు ముందున్న పెతి బాలోన్ ఎక్కుడులో ఈ కొండల బిడ్డ తిబో పినో తన చివరి టూర్‌లో ఒంటరిగా ముందు సాగుతుంటే అభిమానులు రోడ్డంతా కమ్మేశారు. ఆ దశను గెలిచింది తడేజ్ పొగాచర్. అయినా ఆ రోజు గురించి ఇక్కడివారిని అడిగితే ముందు పినో పేరే చెబుతారు.

6. శిఖరాల దారి మీద

ప్లాట్జెర్‌వాజెల్ దాటాక కాసేపటికి చెట్లు పలచబడి, ఒక్కసారిగా ఆకాశం విప్పారుతుంది. ఇవి ‘షోమ్’ అని పిలిచే ఎత్తు పచ్చికబయళ్ళు. డి27 వెళ్ళి డి430లో కలిసే చోట కుడికి, ఉత్తరం వైపు తిరగండి. అదే శిఖరాల దారి. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యానికి సరుకులు చేరవేయడానికి ఫ్రెంచివారు దీన్ని వేశారు. తూర్పు నుంచి జర్మన్ ఫిరంగుల కంట పడకుండా చాలా చోట్ల శిఖరానికి పడమటి పక్కగా తీసుకెళ్ళారు. 1871 నుంచి యుద్ధం ముగిసేదాకా రెండు దేశాల సరిహద్దు ఈ శిఖరరేఖే. వెతికితే ఒక వైపు ‘ఎఫ్’, మరో వైపు ‘డి’ చెక్కిన పాత సరిహద్దు రాళ్ళు ఇప్పటికీ కనిపిస్తాయి.

ఇక్కడ శత్రువు పక్కగాలి. చెట్ల చాటు నుంచి బయటికి వచ్చే చోట ఒక్కసారిగా తోస్తుంది, హ్యాండిల్ కింది భాగం పట్టుకుని ఒళ్ళు వంచండి. రోడ్డు ఎగుడు దిగుడుగా సాగి హోనెక్ శిఖరం పక్కగా ష్లుక్ట్ చేరుతుంది. హోనెక్ ఎత్తు 1,363 మీటర్లు. గాలి నిర్మలంగా ఉన్న రోజు అక్కడి నుంచి దక్షిణాన ఆల్ప్స్ మంచు శిఖరాలు కనిపిస్తాయి.

భోజనం ఈ దారి మీదే. పశువులు పెంచుతూ వచ్చినవారికి అన్నం పెట్టే ‘ఫెర్మ్ ఒబెర్జ్’లు ఇక్కడి పూటకూళ్ళ ఇళ్ళు. చాలావరకు సోమవారం తెరవరు, అందుకే సోమవారం వద్దన్నాను. మధ్యాహ్నం పన్నెండుకు ముందే ఫోన్ చేసి చోటు అడగండి. శాకాహారులు జాగ్రత్త పడాలి. ఇక్కడి ప్రసిద్ధమైన తూర్త్ మాంసం కూరిన వంటకం, ‘రోయిగాబ్రాగెల్డి’ అనే బంగాళదుంపల వంటకంలో పంది కొవ్వు వేస్తారు. మున్‌స్టర్ చీజ్, రొట్టె, కూరాకులు, ఆపైన అడవిలో కాసే నీలి బెర్రీల తీపి టార్ట్ అడగండి. ఆ బెర్రీలను ఇక్కడివారు ‘బ్రెంబెల్’ అంటారు. చీజ్ వాసన ఘాటుగా ఉంటుంది, రుచి మాత్రం అంత ఘాటు కాదు. కొవ్వెక్కువైన భోజనం కడుపు నిండా తిని వెంటనే తొక్కలేరు కాబట్టి సగం తినండి.

తొక్కేటప్పుడు గంటకు 60 గ్రాముల దాకా పిండిపదార్థం ఒంట్లోకి పోవాలి. రెండు పెద్ద అరటిపళ్ళు సుమారు అంత ఇస్తాయి. పల్లె అంగళ్ళు మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకా మూసేస్తారు, ఆదివారం మధ్యాహ్నం తర్వాత అసలు ఆశ పెట్టుకోవద్దు. ఉదయమే రొట్టెల దుకాణంలో కొని జేబులో వేసుకోండి. నీళ్ళు కావాలంటే పల్లె శ్మశానం వెతకండి, పూలమొక్కలకు పోయడానికి అక్కడ దాదాపు ఎప్పుడూ కుళాయి ఉంటుంది. కుళాయి మీద ‘నోన్ పోతాబ్ల్’ అని రాసి ఉంటే ఆ నీళ్ళు తాగకూడదు.

7. దిగుడు

ష్లుక్ట్ దగ్గర ఆగండి. చెమటతో తడిసిన ఒంటి మీదే జాకెట్ జిప్పు మెడ దాకా వేసుకుని, తొడుగులు తొడుక్కుని, రెండు లైట్లూ వెలిగించండి. నల్ల కళ్ళద్దాలు తీసేయండి. ఎండ నుంచి అడవి నీడలోకి దూసుకెళ్ళినప్పుడు కళ్ళు అలవాటు పడే ఆ రెండు మూడు క్షణాల్లోనే గుంటా, తడీ, కంకరా కనిపించకుండా పోతాయి. వెనక వచ్చే కారు నడిపేవారికీ మీరు అలాగే కనిపించరు, లైట్లు అందుకే.

గంటకు 50 కిలోమీటర్ల వేగంలో మీరు సెకనుకు 14 మీటర్లు పోతున్నారు. ప్రమాదం చూసి చేయి కదిలేలోపే 14 మీటర్లు అయిపోతాయి. పొడి రోడ్డు మీద ఆగడానికి మరో పాతిక మీటర్లు కావాలి, తడి మీద దానికి రెట్టింపు. మలుపులో మీకు కనిపించే దూరం అంతకంటే తక్కువైతే మీ వేగం ఎక్కువన్నమాట.

మలుపుకు ముందే, సైకిలు నిటారుగా ఉన్నప్పుడే, రెండు బ్రేకులూ పట్టి వేగం తగ్గించండి. మలుపులోకి వెళ్ళాక బ్రేకు వదలండి. బయటి పక్క పాదం కిందికి, బరువంతా దాని మీద. చూపు మలుపు ముగిసే చోట ఉండాలి, ముందు చక్రం మీద కాదు. బ్రేకును అదేపనిగా రుద్దకండి. గట్టిగా పట్టి, వదిలి, మళ్ళీ పట్టండి, చల్లబడే సమయం దొరుకుతుంది. ‘గ్రావియోన్’ అన్న బోర్డు కనిపిస్తే ముందు వదులు కంకర పరిచారని అర్థం, సైకిలును వంచకుండా నెమ్మదిగా దాటండి. దుంగల లారీ ఎదురొస్తే కుడి అంచున ఆగిపోయినా తప్పు లేదు.

కుడి అంచు అన్నాను కదా, అక్కడ బండ్లు కుడి వైపున నడుస్తాయి. ఫోటో కోసం ఆగి మళ్ళీ ఎక్కినప్పుడే మన అలవాటు ఎడమకు లాగుతుంది. గుర్తులేవీ లేని కూడలిలో కుడి నుంచి వచ్చేవారికే దారి ఇవ్వాలి, పల్లెల్లో ఇది చాలా ముఖ్యం. ఇద్దరు పక్కపక్కన తొక్కవచ్చు, కానీ చీకటి పడ్డాక, లేదా వెనక బండి దాటాలనుకున్నప్పుడు ఒకే వరుసలోకి రావాలి. ఊరి బయట రాత్రి పూట మెరిసే జాకెట్ తప్పనిసరి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే 135 యూరోల జరిమానా.

సూల్ట్జెరెన్ పల్లె దాటాక వాలు మెత్తబడి లోయ విచ్చుకుంటుంది. మున్‌స్టర్ చేరాక కూర్చోవడానికి ముందు రెండు పనులు చేయండి. బ్రేకు ప్యాడ్లు ఎంత మిగిలాయో చూడండి, టైర్ల మీద వేలు తిప్పి గాజు పెంకులు, కంకర ముక్కలు ఏరేయండి. మర్నాడు పెతి బాలోన్ ఎక్కాలనుంటే ఈ సాయంత్రమే తెలియాలి. ఆ ఎక్కుడు 9.3 కిలోమీటర్లు, సగటు 8.1 శాతం, గేరు మాత్రం ఇదే సరిపోతుంది.